ప్రసూన వ్యానూ, దాని మూలుగూ

అమెరికాలోని క్యారీ ఊళ్లో డ్రైవింగ్ రాని మనిషి బతుకు కంటే కుక్క బతుకు నయం. కుక్కనైతే కారులో కూర్చోబెట్టి కిటికీ దించుతారు, అది తల బయటపెట్టి ఊరంతా చూసి వస్తుంది. పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వెళదామని విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు ఆ పాటి భాగ్యం కూడా లేదు. పొద్దున్నే కొడుకూ కోడలూ గరాజ్ తలుపు దించి వెళ్లిపోతే, సాయంత్రం ఆ తలుపు మళ్లీ లేచేదాకా ఫ్రిజ్‌తో మాట్లాడుకోవాలి. నడిచి వెళదామా అంటే చుట్టూ కవలపిల్లల్లాంటి ఇళ్లు. తహసీల్దారుగా రిటైరైన కేశవరావుగారు ఒకసారి అలాగే వాకింగ్‌కని వెళ్లి, తిరిగి వచ్చి, పక్క వీధిలో ఎవరి గరాజ్ ముందో నిలబడి కొడుకింటి కోడ్ నొక్కుతూ ఉండిపోయారు. ఆ ఇంటావిడ ఫోన్ చేస్తే పోలీసు వచ్చాడు. పోలీసును చూడగానే పాత అలవాటు కొద్దీ ఈయన, ఇక్కడేం జరుగుతోందని అతన్నే నిలదీశారు.

ఈ జైలు నుంచి వారంలో అయిదు రోజులు పెరోల్ ఇప్పించే మనిషి జ్ఞానప్రసూన. తణుకు పిల్ల. ఇప్పుడు పిల్ల కాదు, యాభై దాటింది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, మొగుడి ఉద్యోగం వీసాకు తోకలాగా వేలాడే డిపెండెంట్ వీసా మీద ఈ దేశంలో దిగింది. ఆ వీసాతో ఏళ్ల తరబడి ఏ ఉద్యోగమూ చేయకూడదన్నారు. చేయకూడదన్న మాట విని విని ఆమెకు ఆ మాట మీదే పగ పుట్టింది. తీరా గ్రీన్ కార్డు వచ్చేసరికి పిల్లలు కాలేజీలకు ఎగిరిపోయారు, ఫిజిక్సు అంతకుముందే ఎగిరిపోయింది. ఈతకీ సంగీతానికీ స్పెల్లింగ్ పోటీలకీ పిల్లల్ని తిప్పి తిప్పి ఆరితేరిన డ్రైవింగ్ ఒక్కటే చేతిలో మిగిలింది.

అలాంటి సమయంలో మూతపడుతున్న ఒక చర్చి తన పాత పన్నెండు సీట్ల వ్యాన్‌ను అమ్మకానికి పెట్టింది. మొగుడు శ్యామ్‌సుందర్ వద్దన్నాడు. వద్దన్నాడు కనుక ప్రసూన కొనేసింది. పక్కన అంటించిన అక్షరాలు పీకేసినా ఎండకు వెలిసిన రంగు మధ్య వాటి నీడ మిగిలిపోయింది. ప్రభువు నిన్ను పిలుచుచున్నాడు అని ఇంగ్లీషులో ఇప్పటికీ చదవవచ్చు. వెంకటేశ్వరస్వామి గుడికి బయలుదేరిన మొదటిరోజు, విజయనగరంలో సంగీతం టీచరుగా చేసిన వకుళమ్మగారు ఆ మాటకు అర్థం చెప్పించుకుని, కాసేపు ఆలోచించారు.

"పిలిస్తే పిలిచాడులే. ఏసీ ఉందా అమ్మాయ్?" అని అడిగి ఎక్కేశారు.

అప్పటినుంచి ఆ వ్యాన్ రోజూ పొద్దున్న ఇంటింటికీ వెళ్లి పెద్దవాళ్లను ఎక్కించుకుని గుడికీ, లైబ్రరీకీ, ఇండియన్ స్టోరుకీ తిప్పి, మనవలు స్కూలు నుంచి వచ్చే వేళకు దింపేది. వానొస్తే మాల్‌లో నడక. లోపల సాగే కబుర్లలో సగం బీపీ మాత్రల గురించి, మిగతా సగం కోడళ్ల గురించి. ఏది దేనికి కారణమో ప్రసూన ఎప్పుడూ అడగలేదు. అద్దంలోంచి వెనక్కి చూస్తే, పోట్లాడుకుంటున్నా సరే, అందరి ముఖాల్లోనూ వెలుగు ఉండేది. అది చూస్తే ఆమెకు కడుపు నిండినట్టుండేది. నేను ఈ దేశానికి ఎందుకొచ్చాను అనే పాత ప్రశ్న ఆ స్టీరింగ్ ముందు కూర్చున్నంతసేపూ గుర్తుకు రాదు.

ఆ ఎండాకాలం చివర్లో వ్యాన్ మూలగడం మొదలుపెట్టింది. మలుపు తిప్పితే చాలు, కేశవరావుగారు కుర్చీలోంచి లేచేటప్పుడు చేసే శబ్దం అచ్చంగా బండి కింద నుంచి వచ్చేది. దానికి తోడు గుంతల్లో టకటక. ఏసీ వేస్తే కాగిన కొబ్బరినూనె వాసన. వాసన సంగతి మాత్రం అందరూ వకుళమ్మగారి జడ మీదికి తోసేశారు. ఆవిడ తాను రాసేది ఆముదమనీ, ముక్కులు కడుక్కోమనీ చెప్పి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

వాళ్లలో వాళ్లకు ఆ మూలుగు ఒక కాలక్షేపం. కానీ ఒకరోజు బ్యాంకు మేనేజరుగా రిటైరైన హనుమకొండ విశ్వనాథంగారు కొడుకుతో వీడియోలో మాట్లాడుతుండగా వ్యాన్ మలుపు తిరిగింది. ఆ మూలుగు కొడుకు తేజేశ్వర్ చెవిన పడింది. పెద్దవాళ్ల పిల్లలందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపుంది. దానికి తేజేశ్వరే పెద్ద. ఆఫీసులో ప్రోగ్రామ్ మేనేజరు, ఇంట్లోనూ అదే ఉద్యోగం. సాయంత్రానికల్లా ప్రసూనకు ఫోన్ చేశాడు.

"ప్రసూన గారూ, నథింగ్ పర్సనల్. కానీ స్టీరింగ్ ఇష్యూ అంటే సేఫ్టీ ఇష్యూ. హైవే మీద లాక్ అయితే ఎవరు రెస్పాన్సిబుల్ చెప్పండి?"

"చూపిస్తున్నాను తేజేశ్వర్. చిన్న సౌండే."

"ఈ ఆదివారం కాదు, పై ఆదివారం రాత్రి అందరం కాల్‌ల కూసుంటం. అప్పటికి ఫిక్స్ అయితే ఓకే. లేకుంటే స్టాప్ చేద్దాం. వీకెండ్స్‌ల మేమే తీస్కపోతం."

వీకెండ్‌లో వాళ్లు ఎక్కడికి తీసుకెళతారో ప్రసూనకు తెలుసు. పిల్లల సాకర్ గ్రౌండ్‌కి తీసుకెళ్లి, మడత కుర్చీలో కూర్చోబెట్టి, చేతిలో నీళ్ల సీసా పెడతారు. ఆ ఫోన్ పెట్టేశాక ఆమెకు నిజంగా భయం వేసింది. వ్యాన్ ఆగితే వాళ్లంతా మళ్లీ ఫ్రిజ్‌తో మాట్లాడుకోవాలి. తనకైతే మాట్లాడాలని కూడా అనిపించదు.

"అమ్మెయ్ ప్రసూనా, పీడా పోతుంది" అన్నాడు శ్యామ్‌సుందర్. ఆయనకు దేవుడి మీద నమ్మకం తక్కువ, డేటా మీద ఎక్కువ. ఎవరైనా తుమ్మితే ఆగే మనిషిని చూసి గంటసేపు ఉపన్యాసం ఇవ్వగలడు. అయినా భార్య ముఖం చూసి ఆ శనివారం గరాజ్ తలుపు మూసుకుని, యూట్యూబ్ పెట్టుకుని, పవర్ స్టీరింగ్ పంపు మార్చాడు. తలుపు మూయడం దేనికంటే, ఇంటి ముందు బండి రిపేరు చేస్తే కాలనీ సంఘం జరిమానా వేస్తుంది. పని అయ్యాక ప్రసూనను కూర్చోబెట్టి, ఇంజిన్ ఆపి, స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పించాడు. గొట్టాల్లో గాలి ఉంటే బుడగలుగా పైకి వస్తుందట. బుడగలు వచ్చాయి, ఆగాయి. శ్యామ్‌సుందర్ చేతులు తుడుచుకుని విజేతలా నిలబడ్డాడు. ప్రసూన బండి స్టార్ట్ చేసి చక్రం తిప్పింది. వ్యాన్ ఇంకా సుఖంగా మూలిగింది.

"నేను చేయాల్సింది చేశాను. ఇక అది స్టీరింగ్ గేర్ బాక్సే. అంత ఖర్చు పెట్టడం కంటే అమ్మేయడం లాజికల్" అని ఆయన స్నానానికి వెళ్లిపోయాడు.

శుక్రవారం వచ్చింది. ప్రసూన గుడి పార్కింగ్‌లో వ్యాన్ ఆపి, ఎవరినీ దిగనివ్వకుండా వెనక్కి తిరిగింది.

"పిన్నిగారూ, మీరు ముందుకు రండి. ఈ మూలుగు ఏ శ్రుతిలో ఉందో కాస్త వినిపెట్టాలి" అంది.

జడనూనె అవమానం ఇంకా మరిచిపోని వకుళమ్మగారు, మీకు ఇప్పటికి నా విలువ తెలిసిందా అన్నట్టు అందరి వంకా ఒక చూపు చూసి, ముందు సీట్లోకి మారి కళ్లు మూసుకున్నారు. ప్రసూన చక్రం తిప్పి పట్టుకుని యాక్సిలరేటర్ తొక్కింది.

"ఇంజిన్ పైకి పోతోందమ్మాయ్. ఈ మూలిగేది మాత్రం పోవట్లేదు. ఉన్నచోటే కూర్చుంది, మా హార్మోనియం మాస్టారిలాగా."

"చక్రం వదిలేస్తే?"

"ఆగిపోయింది. మళ్లీ తిప్పు. ఆఁ, మళ్లీ వచ్చింది. అదే పంచమం."

ఎగిరిపోయిందనుకున్న ఫిజిక్సు అప్పుడు ప్రసూన తల మీద వచ్చి వాలింది. పంపును తిప్పేది ఇంజిన్. మూలుగు పంపుదే అయితే ఇంజిన్‌తో పాటు దాని గొంతూ లేవాలి. లేవలేదంటే పంపు నిర్దోషి, పాపం అనవసరంగా ఉద్యోగం పోగొట్టుకుంది. చక్రం తిప్పినప్పుడే వస్తోందంటే గేర్ బాక్సన్నా కావాలి, దానికి వెళ్లే గొట్టమన్నా కావాలి. ఆమె డ్రెస్ మీద పాత స్వెట్‌షర్ట్ తగిలించుకుని, యోగా చాప పరిచి, ఫోన్ టార్చి పట్టుకుని వ్యాన్ కిందికి దూరింది. గుడిలోంచి వస్తున్న పట్టుచీరల వాళ్లు ఆ కాళ్లను చూసి చుట్టూ తిరిగి వెళ్లారు.

కాసేపటికి కింద నుంచి మాట వినిపించింది.

"బాబాయిగారూ, ఇక్కడ ఒక మూట ఉంది."

"ముట్టుకోకమ్మా" అన్నారు కేశవరావుగారు. "పంచనామా చేద్దాం."

పంచనామా ఏమీ జరగలేదు. ప్రసూన కత్తెర అడిగి తీసుకుని, మూటను కోసి బయటికి తెచ్చింది. ఎర్రటి జాకెట్ గుడ్డలో కట్టిన కొబ్బరికాయ. దిష్టి కొబ్బరికాయ. ఇంజిన్ వేడికి లోపలి నీళ్లు ఇగిరి, కొబ్బరి ఎండి కుడుకై, చిప్పలో టకటకలాడుతోంది. కొంత నూనె కారి గుడ్డంతా జిడ్డు. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డదంటారు. ఇక్కడ నక్క మూలుగుతున్నదే కాయ పడి. అది గేర్ బాక్సుకు వెళ్లే గొట్టాన్ని తోసి ఇనుప చట్రానికి ఆనించింది. చక్రం తిప్పినప్పుడల్లా గొట్టంలో ఒత్తిడితో పరిగెత్తే నూనె చేసే సన్నటి రొద ఆ చట్రంలోకి దిగి, బండి ఒళ్లంతా పాకి, మూలుగై బయటికి వస్తోంది. తీగ చిన్నదే, దానికి వ్యానంత వీణ కుండ దొరికింది.

వకుళమ్మగారు గుడ్డ వాసన చూసి, తన జడను ముందుకు వేసుకుని, అందరి ముక్కుల ముందుగా ఒకసారి తిప్పారు. 

"ఎవరు కట్టారు?" కేశవరావుగారు ఎంక్వైరీ మొదలుపెట్టారు. "నిజం చెప్పేస్తే చర్య ఉండదు."

ఎవరూ కట్టలేదు. ప్రసూన మూటను తిప్పి చూసింది. జాకెట్ గుడ్డ ఎవరింటి వ్రతానిదో. అలాంటివి ఊళ్లో ఇంటింటికీ తిరుగుతూనే ఉంటాయి కనుక సాక్ష్యం కాదు. కానీ దాన్ని బిగించినవి తాళ్లు కావు, వైర్లు కట్టే ప్లాస్టిక్ జిప్ టైలు. పక్కపక్కనే సమానంగా బిగించి, తోకలు నున్నగా కత్తిరించి ఉన్నాయి. ఈ ఊళ్లో జిప్ టైకి గోళ్లు తీసినట్టు తోక తీసే మగవాడు ఒక్కడే. టీవీ వెనక వైర్లన్నీ అలాగే ఉంటాయి. ఆమె అక్కడే నిలబడి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది.

"ఏవండీ, వ్యాన్ కింద కొబ్బరికాయ దొరికింది."



"ఏ కొబ్బరికాయ?" అన్నాడు శ్యామ్‌సుందర్. చదువుకున్నవాడు అబద్ధమాడితే ఇంత బాగానే ఉంటుంది.

"తోకలు కత్తిరించిన కొబ్బరికాయ."

"నువ్వు రోజూ అంతమంది ముసలాళ్లనేసుకుని ఆ హైవే ఎక్కుతావు. ట్రక్కులు చూశావా ఎలా వస్తాయో? నాకు భయమేసింది. అమ్మెయ్యమంటే అమ్మవు. లోపల కడితే నువ్వు చూసి నవ్వుతావని..."

"మరి పోయిన శనివారం పంపు మార్చినప్పుడు కనపడలేదా?"

"అడ్డంగా ఉందని విప్పాను."

"విప్పి?"

"మళ్లీ కట్టాను. ఇంకాస్త టైట్‌గా."

వ్యాన్ చుట్టూ నిలబడ్డ పెద్దవాళ్లు నవ్వలేక పళ్లు బిగబట్టారు. ప్రసూనకు కోపం రావలసింది. వచ్చింది కూడా. కానీ నిలవలేదు. గరాజ్‌లో ఒంటరిగా, దేవుణ్ణి నమ్మని మనిషి తన కోసం వంగి కొబ్బరికాయ కట్టడం ఆమె కళ్లకు కట్టింది. "సాయంత్రం మాట్లాడదాం. అన్నం వండి పెట్టండి" అని ఫోన్ పెట్టేసింది.

దిష్టికాయను తీసేయవచ్చా, పారే నీళ్లలో వేయాలా అని చర్చ లేచింది. చెరువులో వేస్తే పార్కు వాళ్లు పట్టుకుంటారని ఒకరు, పచ్చడికి పనికొస్తుందా అని ఇంకొకరు. అంతలో ప్రసూన పార్ట్స్ షాపుకు వెళ్లి లోపల రబ్బరు పట్టీ ఉన్న బిగింపు ఒకటి తెచ్చి, గొట్టాన్ని చట్రానికి దూరంగా లాగి బిగించింది. నూనె మట్టం చూసి, తగ్గినంత పోసింది. బండిలో కూర్చుని చక్రం ఈ చివరికీ ఆ చివరికీ తిప్పింది. చప్పుడు లేదు. వకుళమ్మగారు కిటికీలోంచి చెవి లోపలికి పెట్టి, తల అడ్డంగా ఊపి, "మౌనవ్రతం" అన్నారు.

ప్రసూన ఆ నిశ్శబ్దాన్ని వీడియో తీసి తేజేశ్వర్‌కు పంపింది. కొబ్బరికాయ సంగతి చెప్పలేదు. మొగుడి పరువు మొగుడిది. తేజేశ్వర్ నుంచి బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చింది. ఆదివారం రాత్రి పిల్లలందరూ కాల్‌లో కూర్చున్నారు. ప్రసూనను పిలవలేదు. ఆమె ఫోన్‌ను పక్కలో పెట్టుకుని పడుకుంది. ఎవరి దగ్గర్నుంచీ ఒక్క ముక్క రాలేదు.

సోమవారం పొద్దున్న మామూలుగానే బయలుదేరింది. వ్యాన్ వెన్న మీద జారినట్టు కేశవరావుగారి వీధిలోకి మలుపు తిరిగింది. ఎప్పుడూ ఈపాటికి ఆయన కాలిబాట మీద నిలబడి వాచీ చూసుకుంటూ ఉండేవారు. ఈ రోజు ఎవరూ లేరు. కాసేపు చూసింది. ఈ ఊళ్లో హారన్ కొడితే తిట్టినట్టు లెక్క, కొట్టలేదు. వకుళమ్మగారి ఇంటి ముందూ ఎవరూ లేరు. తర్వాతి ఇంటి ముందు కూడా లేరు. అయితే ఆపేశారన్నమాట. ఫోన్ చేసి చెప్పడానికి మొహం చెల్లక ఇలా చెప్పారు. ప్రసూన విశ్వనాథంగారి ఇంటి ముందు వ్యాన్ ఆపి, స్టీరింగ్ మీద నుదురు ఆనించింది. ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు. బాగు చేసి మరీ పోగొట్టుకున్నాను అనుకుంది.

తర్వాత ఏడుపు కంటే కోపం ఎక్కువైంది. ఆ మాట ముఖం మీదే చెప్పమందామని కళ్లు తుడుచుకుని, దిగి, వెళ్లి, మొదటిసారిగా ఆ ఇంటి బెల్లు నొక్కింది. నొక్కిన వేలు తీయకముందే తలుపు తెరుచుకుంది. విశ్వనాథంగారు కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, బూట్లతో నిలబడి ఉన్నారు. ఆయన వెనక, తలుపుకు ఆనుకుని, భోజనాల బల్ల కుర్చీ ఒకటి గోడవైపు తిప్పి వేసి ఉంది.

"ఇయ్యాల లేటైంది గదమ్మా" అన్నారు.

"లేటు కాలేదు బాబాయిగారూ. ఇందాకే వచ్చాను. మీరే బయటికి రాలేదు."

"సప్పుడు రాలే గద బిడ్డా. నీ బండి మూల మీద మూలిగితెనే బయటికొస్తం. అందరం గంతే."

ప్రసూన గుమ్మంలో కొయ్యబారిపోయింది. తను వచ్చేసరికి ఒక్కరూ ఆలస్యం లేకుండా రోడ్డు మీద ఉంటే, అది తన క్రమశిక్షణ గొప్పతనం అని ఇన్నాళ్లూ మురిసిపోయింది.

"తేజేశ్వర్ వాళ్లు వ్యాన్ ఆపేయలేదా?"

"ఏందో ఇన్సూరెన్సంట, బంద్ పెడ్దామన్నడు. సరే బాబూ, నా టికెట్ రేపటికి జరుపు, నేను పోత అన్న. మూడు గంటలకు స్కూల్ బస్ దిగె మనుమరాలు వేదను ఎవరు తీస్కుంటరో కోడలు అడిగింది. ఆడికి ఆ ముచ్చట అయిపోయింది. నీకు చెప్పలేదా? మావోడు గంతే. మంచి మాట చెప్పనీకి వానికి టైముండదు."

ఆమె నవ్వింది. నవ్వుతూ ఉండగా కళ్లు ఆ కుర్చీ మీదికి పోయాయి. దాని ముందు గోడ తప్ప ఏమీ లేదు. సీటు మీద మడిచిన దుప్పటి ఒకటి, కూర్చుని కూర్చుని మధ్యలో గుంట పడి ఉంది.

"ఎప్పటినుంచి కూర్చున్నారు ఇక్కడ?"

"వాళ్లు గరాజ్ దించి పోయినప్పటి సంది."

"రోజూనా?"

ఆయన టోపీ సర్దుకున్నారు.

"ఇకనుంచి నేనే దిగి వచ్చి బెల్లు కొడతాను. మీరు హాయిగా లోపల సోఫాలో కూర్చోండి" అంది ప్రసూన.

"సోఫాల కూసుంటె నిద్ర పడ్తది బిడ్డా" అన్నారు విశ్వనాథంగారు, తలుపుకు తాళం వేస్తూ. "నిద్రల నాకు బెల్లు వినవడకుంటె, ఇంట్ల ఎవరు లేరనుకొని నువ్వు పోతవ్ గద."

ప్రసూన ఆయన చేయి పట్టుకుని వ్యాన్ ఎక్కించి, బెల్టు పెట్టి, మిగిలిన తలుపులు కొట్టడానికి వెనక్కి తిరిగింది.